పల్లంరాజు గారి మెరక తూము

నీరు పల్లమెరుగు అంటారు. మండపేట పక్కన మా ఊళ్లో అయితే నీరు పల్లంరాజు గారిని కూడా ఎరుగు. ముప్పయ్యేళ్లు కాలువ మీద లస్కరుగా షట్టర్లు ఎత్తి దించి, నాలుగూళ్ల చేలకు నీళ్లు పంచిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆయన గట్టు మీద నడుస్తుంటే కాలువ కాస్త ఒద్దికగా పారేదని ప్రతీతి. ఆ ప్రతీతికి మూలం ఆయనే.

ఇంతటి వారి సొంత ఆకుమడి, 2003 జూన్‌లో, కాలువలు వదిలి వారమైనా తడి అందక మొలకల్లోనే ఎండుముఖం పట్టింది. ఇంకో రెండు రోజులు చూస్తే నారు ఉండదు. నారు లేకపోతే ఆ ఏడు ఊడ్పులు లేవు. దోషి ఎవరో పల్లంరాజు గారికి పన్నెండేళ్లుగా తెలుసు. ఎగువ రైతు పెద్దిరాజు. డెల్టాలో ఎగువవాణ్ణి అనుమానించడం నేరం కాదు, ఆచారం. పైగా ఏటా చేలకు నీరు తెచ్చే బోదెలో నీళ్లు పెద్దిరాజు చేలోకి మళ్లడం ఆయన కళ్లారా చూశారు. తన చేలోకి వచ్చేది దొంగ వాడుకోగా మిగిలిన నీరని తీర్మానించి, ఆనాటి నుంచి మాట మానేశారు.

ఈసారి దొంగతనాన్ని సాక్షుల ఎదుట పట్టాలని సంకల్పించారు. సాక్షులు భార్య చిట్టెమ్మ, కోడలు సత్యశ్రీ, ఎనిమిదేళ్ల మనవరాలు దుర్గాశ్రీ. కార్యక్రమం పేరు మాత్రం నిధి వేట. ఆకుమడి గట్టున గడ్డిలో ఓ పనసపండు దాచారు. బోదె మొదట్లో దోసెడు ఊక వదులుతారు. దాని వెంటే నడవాలి. అడ్డదారి తొక్కినవాళ్లకు తొనలు లేవు.

“ఊక ఎక్కడ ఆగితే అక్కడే దొంగ,” అన్నారాయన.

“నిధన్నావు కదా తాతయ్యా?” అంది దుర్గాశ్రీ.

“ముందు దొంగ. తరవాత నిధి.”

ఊక బయల్దేరింది. పెద్దిరాజు గట్టు దగ్గర పల్లంరాజు గారు నిలబడి గొంతు సవరించుకున్నారు. ఊక నిలబడలేదు. గట్టుకి కొత్తమట్టి వేసి ఉంది. చీమ దూరే గండి కూడా లేదు. ఊక నింపాదిగా సాగి, సాక్షులను వెంటబెట్టుకుని, ఆకుమడికి ఈవలే ఉన్న పల్లంరాజు గారి వాకిటికే వచ్చి, అక్కడి సిమెంటు తూము ముందు గిరగిరా తిరిగి ఆగిపోయింది.

ఆ తూము, పన్నెండేళ్ల కిందట కొడుకు సుధాకర్ స్కూటర్ కొన్న ఏడు, బండి బోదె దాటడానికి ఆయన స్వహస్తాలతో వేసింది. మట్టం పెట్టి చూద్దామండి అని మేస్త్రి అంటే “నా కన్నే మట్టం” అన్నారట.

సత్యశ్రీది జంగారెడ్డిగూడెం, మెట్ట. కాపురానికి వచ్చిన నాటి నుంచి “మీవైపు నీళ్లంటే ఏంటో తెలీదు కదమ్మా” అన్న మాట వింటూనే ఉంది. వంగి చూసింది. తూము అడుగు నీటికన్నా నాలుగు వేళ్లు పైనుంది.

“మావయ్యగారండీ, మా ఊళ్లో అయితే నీళ్లని మోటారు ఎక్కిస్తుందండి. ఇక్కడ ఎవరు ఎక్కిస్తారండి?”

చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఊరందరికీ నీళ్లిచ్చిన చెయ్యి. ఇంటిముందుకొచ్చేసరికి దిష్టి తగిలినట్టుంది.”

“తాతయ్యా, దొంగ దొరికాడా?”

తాతయ్య ఏళ్లు లెక్కపెట్టుకున్నారు. తూము పన్నెండేళ్లుగా మెరకలో ఉంటే, పన్నెండేళ్లుగా తన చేను తడిసిందెలా? అలాగే నడిచి పెద్దిరాజు ఇంటికి వెళ్లారు. పెద్దిరాజు అరుగు మీద నల్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. వేసవిలో రాజమండ్రిలో శుక్లాల ఆపరేషనైంది.

“మీ తూము దగ్గర నీళ్లు ఎగదన్నేవండి,” అన్నాడు పెద్దిరాజు, అడిగిన దానికి. “ఏటా నా గట్టుకి గండి కొట్టి, నా చేలోంచి మీ చేలోకి వదిలేవాణ్ణండి. ఈ ఏడు నేను లేను కదండి, కూలీలు తెలీక పూడ్చేసినట్టున్నారు.”

“ఒక్క మాట నాతో చెప్పకపోయారా?”

“లస్కరుగారితో మీ తూము మెరకని ఎలా అంటామండి? బాగోదు కదండి. పైగా మీరు మాట్లాడేవారు కాదాయె.”

పన్నెండు పంటలు. ఇంట్లో ఉడికిన ప్రతి మెతుకూ ఈయన గట్టు దాటి వచ్చిందే. మొహమాటంతో ఇంత మేలు చేయవచ్చని పల్లంరాజు గారు ఏ కాలువ మీదా నేర్చుకోలేదు. రెండు చేతులూ జోడించారు. నల్లద్దాల్లోంచి సరిగా కనిపించిందో లేదో, పెద్దిరాజు గారు లేచి ఆ చేతుల్లో పార పెట్టారు.

“ముందు గండి కొట్టండి. ఆకుమడి ఎండిపోతోంది.”

సాయంత్రానికి మొలకల పాదాలు తడిశాయి. పనసపండు అక్కడే గట్టు మీద కోశారు. తొలి తొన పెద్దిరాజు గారిది, మలి తొన మెట్ట కోడలిది.

మర్నాడు బోదెకి అడ్డుకట్ట వేసి, తూము తవ్వి మళ్లీ వేశారు. సత్యశ్రీ మట్టం తెచ్చింది. పల్లంరాజు గారు దాన్ని పక్కన పెట్టి పెద్దిరాజు గారి కోసం కబురు పంపారు.

“మీ కన్ను కొత్తది కదండి,” అన్నారు. “కాస్త చూసి చెప్పండి.”

పెద్దిరాజు గారు అద్దాలు తీసి, వంగి, చాలాసేపు చూశారు.

“ఇంకో వేలు దింపించండి,” అన్నారు. “ఏమీ అనుకోకపోతేనేనండి.”