పడవకు తూర్పు గుమ్మం

ఆ రోజుల్లో ఏజెన్సీ ఉద్యోగమంటే జీతమూ చలిజ్వరమూ కలిసే ముట్టేవి. తర్కశాస్త్రంతో బి.ఏ. ప్యాసై, ఆ తర్కం ఫలితంగా నేను అరకు అవతల మాచ్ఖండ్ ఏటి ఒడ్డున అడవి శాఖలో గుమాస్తానయ్యాను. (మావాడు పెద్ద ఆఫీసులో ఉన్నాడని నాన్నగారు ఊరంతా చెప్పుకునేవారట. దానికి సగం కప్పు కూడా ఉందని తెలిస్తే ఇంకెంత పొంగిపోయేవారో!) మా రేంజరు గారిని చాటున వాస్తు రేంజరనేవాళ్ళం. తూర్పుకు తిరగందే ఆయన దస్కత్తు కూడా పెట్టేవారు కాదు. ఆయనకున్న కోరిక ఒక్కటే, మైదానానికి బదిలీ. వెళ్తే నన్నూ వెంట తీసుకుపోతానన్నారు గనక ఆ కోరిక నాది కూడా అయింది. బదిలీ చేయవలసిన దొరగారు భార్యతో ఏటి షికారుకు వస్తున్నారని తెలియగానే, ఆఫీసు చిన్న పడవ మీద కిత్తాను గుడ్డతో ఒక గది కుట్టించాలని నిశ్చయమైంది.

"దొరసానికి ఎండ తగిలిందా, మనం ఈ కొండల్లోనే మట్టిలో కలుస్తాం. నువ్వు బి.ఏ.వి గదా, బొమ్మ గియ్యి," అన్నారు రేంజరు గారు.

గీశాను. వెదురు చట్రం, పైకి చుట్టుకునే తెరలు, వంగి కూర్చునేంత ఎత్తు. దొర టోపీతో సహా నిలబడాలన్నారాయన. ఎత్తు పెరిగింది. గుడ్డ తెలుపైతే మాసిపోతుంది, ఖాకీ పోలీసుల్ని గుర్తుచేస్తుంది, ఆకుపచ్చ అడవిలో కలిసిపోయి మన శ్రమ కనబడదు. కాబట్టి ఎరుపు. విజయనగరం నుంచి వచ్చిన డేరాల దర్జీ దానికి తన సొంత కళాభిరుచి కొద్దీ పసుపు కుచ్చులు కూడా జోడించాడు. ఇక గుమ్మం దగ్గర చిక్కొచ్చింది.

"తూర్పుకు పెట్టండి," అన్నారు రేంజరు గారు, ఒడ్డున కట్టేసి ఉన్న పడవను చూపిస్తూ.

"పడవ తిరుగుతుందండీ. ఇదేమన్నా ఇల్లా?"

"గోడలున్నాయి, కప్పుంది. ఇల్లు కాకపోతే మరేమిటి?"

తర్కశాస్త్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని దర్జీకి గీత గీసి చూపించాను. గుమ్మం పడవ పక్కకు తెరుచుకుంది. పసుపు రాసి, తోరణం కూడా కట్టారు.

దొర దంపతులు ఎక్కారు, వెనకే మేమూ ఎక్కాం. మొదటి మలుపులోనే గుమ్మం దక్షిణానికి, అంటే సాక్షాత్తు యముడి వైపుకు తిరిగింది. రేంజరు గారి ముఖం వాడిపోయింది. "తిప్పరా! తూర్పుకు తిప్పు!" అని పడవ ముక్కున నిలబడి గావుకేకలు.

"ఏటి బాబూ, పడవనా, ఏటినా తిప్పడం? బేగి సెప్పండి, గాలొత్తంది!" అన్నాడు సరంగు.

పడవనే అడ్డంగా తిప్పించారు. గాలి మా ఎర్రగదిని తెరచాప అనుకుంది. పడవ గిర్రున తిరిగి ఇసకమేట ఎక్కింది. గది మొత్తం దొర మీద, దొరసాని మీద, నా బి.ఏ. మీద కూలింది. చీకట్లో ఎవరో నవ్వుతున్నారు. చూస్తే దొరసాని.

దొర కుచ్చులు విదుల్చుకుంటూ బయటపడి రేంజరు గారి భుజం తట్టాడు. "ఈ కొండల్లో ఇంత వినోదం నాకెవ్వరూ చూపలేదు. నీలాంటివాణ్ణి మైదానానికి పంపి వృథా చేస్తానా? ఇక్కడే ఉండు."

దొర వెళ్ళాక రేంజరు గారు కూలిన చట్రాన్ని జానతో కొలిచి, "దర్జీ వెధవ గుమ్మాన్ని ఒక జానెడు ఆగ్నేయానికి జరిపాడోయ్," అన్నారు.

ఆయనతోపాటు నేనూ అక్కడే ఉండిపోయాను. మైదానం నాకు ముసలితనంలో గాని దక్కలేదు. ఇప్పుడు ఉక్కపోతలో విసనకర్రతో కూర్చుంటే, గొంగడి కింద వణుకుతూ ఈ మైదానాన్నే స్వర్గమని కలగన్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం, వాడి చదువు అంతవరకే.