నడుమెత్తు గట్టు

ఏళ్ల తరబడి బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి ఆమె. వీధి మొత్తానికి కండక్టరమ్మ. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక బాత్రూంలో గొంతుక్కూర్చుని ఇంటిల్లిపాది బట్టలూ ఉతికేది. నడుం పట్టేస్తే కుళాయి పట్టుకుని లేచేది. అందుకే బాత్రూం మార్పించాలన్న మాట వచ్చినప్పుడు ఆమె కోరింది ఒక్కటే: నిలబడి ఉతుక్కోవడానికి నడుమెత్తు గట్టు.

ఖర్చులో సగం ఆమె దాచుకున్నదే. లెక్కలు మాత్రం భర్తా, మరిదీ కూర్చుని వేశారు. అంచనా చేయి దాటిపోగానే కత్తెర గట్టు మీద పడింది. షవర్ చుట్టూ గాజు తలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

"గట్టుదేముంది, తర్వాతెప్పుడైనా కట్టించుకోవచ్చు వదినా. గాజు తలుపుంటే ఆ కళే వేరు," అన్నాడు మరిది.

"ఆ గాజు మీద మరకలెవరు తుడుస్తారు?"

అన్నదమ్ములు మళ్లీ లెక్కల కాగితం మీదికి వంగారు.

"నా డబ్బు కావాలి, నా నడుం అక్కర్లేదా? టిక్కెట్టు కొన్నది నేను, సీట్లో కూర్చునేది మీరూనా?"

"మెల్లగా మాట్లాడవే, మేస్త్రీ వింటాడు," అన్నాడు భర్త.

"విననీ! కట్టేది అతనేగా!"

గాజు తలుపు పోయి ప్లాస్టిక్ తెర వచ్చింది. గట్టూ లేచింది. కానీ సాయంత్రం ఆమె వచ్చి చూసేసరికి అది మోకాలెత్తులోనే ఆగిపోయి ఉంది.

"ఎవరింట్లోనైనా ఇంతేనమ్మా. సార్ సరేనన్నారు," అన్నాడు మేస్త్రీ.

"ఉతికేది సారా?"

చేతిసంచీ గడప మీద పడేసి, సుత్తి అందుకుంది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మూల ఇటుక ఒక్క దెబ్బకే ఊడి పడింది. తర్వాత గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, నడుం దగ్గర అరచెయ్యి పెట్టింది. "ఇదీ ఎత్తు. గీత గీసుకో."

మేస్త్రీ పెన్సిల్ తీశాడు.

ఎత్తు పెరిగేసరికి టైల్స్ చాలలేదు. అదే రకం మళ్లీ దొరకలేదు. తెల్లటి గదిలో గట్టొక్కటే ఆకుపచ్చగా మిగిలింది. దాని ఎత్తు భర్తకూ సరిపోతుందని తేలాక, ఆయన చొక్కాలు ఆయనకే వదిలేసింది.

అయినా ఆమె కోపం చల్లారలేదు. సొంత ఇంట్లో, సొంత డబ్బుతో, అడిగితే రానిది అరిస్తే వచ్చింది. అదే మింగుడుపడదు ఆమెకు.

చుట్టాలొస్తే భర్త ఇప్పటికీ నొచ్చుకుంటాడు. "గట్టు రంగే కలవలేదండీ."

లోపల దుప్పటి పిండుతూనే జవాబిస్తుంది ఆమె. "కలవకపోతే కళ్లు మూసుకుని స్నానం చెయ్యండి!"