పిల్లి నడక రాని బావ

మా బావకి లోపమంటూ ఉంటే ఒక్కటే. తుపాకీ ఆటలో మెల్లగా నడవడు. ఇంట్లో మామూలుగానే నడుస్తాడు. తన చెప్పుల షాపులో అయితే అడుగులో అడుగేసుకుంటూ ఎంతో మర్యాదగా నడుస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, హెడ్‌సెట్ చెవులకి తగిలించుకుని యుద్ధరంగంలోకి దిగాడా, ఇక దబ్ దబ్ దబ్ మంటూ ఊరేగింపుకి బయల్దేరినట్టు వెళ్తాడు.

ఈ ఆట తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఇందులో శత్రువు కంటికి కనపడేలోపే చెవికి దొరికిపోతాడు. గోడ అవతల అడుగు పడితే చాలు, వాడు ఎడమ పక్కనున్నాడో కుడి పక్కనున్నాడో హెడ్‌సెట్ చెప్పేస్తుంది. అందుకని బుద్ధున్న వాళ్ళంతా ఒక బటన్ నొక్కిపట్టి, ఒంగి, చప్పుడు కాకుండా నడుస్తారు. మా బావ కీబోర్డు మీద ఆ బటన్ కొన్ననాడు ఎలా ఉందో ఇవాళ్టికీ అలాగే తళతళలాడుతోంది.

ఆ అడుగుల చప్పుళ్ళు చేసేది నేనే. ఆటలు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. తుపాకుల చప్పుళ్ళు మా సీనియర్ తీసుకున్నాడు, బాంబులు ఆయన పక్క సీటాయన తీసుకున్నాడు, నా వంతుకి కాళ్ళు మిగిలాయి. రికార్డింగ్ గదిలో కంకర పోసి, చెక్క పరిచి, రేకు వేసి, మైకు పెట్టుకుని వాటి మీద పొద్దస్తమానం నడవడమే నా పని. మంచులో నడిచిన చప్పుడు రావాలంటే పిండి సంచి పిసకాలి. ఆ పని ఒకసారి అక్కావాళ్ళింట్లో చేశాను.

"పిండి సంచికి చిల్లేమిట్రా?" అంది అక్క.

"మంచు బాగా కురిసిందక్కా," అన్నాను. ఆ పూట నాకు భోజనం చాలా ఆలస్యంగా దొరికింది.

బూట్లన్నీ బావ ఇచ్చినవే. షాపులో అమ్ముడుపోనివి, తను తొడిగి అరగ్గొట్టినవి, ఒక గోనెసంచి నిండా మోసుకొచ్చాడు. దాంతో ఆటలో అటు సైన్యం, ఇటు సైన్యం మొత్తం మా బావ బూట్లతోనే నడుస్తుంది.

ఆట ఇంకా తయారీలో ఉంది కాబట్టి ఆదివారాలు ఇంటివాళ్ళ చేత ఆడించి చూస్తాం. ఒక జట్టు అక్క, బావ, నేను. అవతలి జట్టు మా ఆఫీసు వాళ్ళు, వాళ్ళ ఇళ్ళ నుంచి.

"ఏమండీ, ఒంగండి! వినపడిపోతున్నారు!" అని అక్క గోల.

"వినపడనీ. చెప్పుల షాపు వాణ్ణి పట్టుకుని చప్పుడు చెయ్యకుండా నడవమంటావేమిటే? నా సరుకు పరువేం కావాలి?"

ఢాం.

"పోయారా?"

"పోయాను."

పోయినవాడు పోయినట్టు ఊరుకోడు. "ఎడమ పక్క, గోడ వెనకాల! తొమ్మిదో నంబరు, మడమ అరిగింది. అయ్యో, అవి నావే! నా బూట్లేసుకుని నన్నే కాల్చాడే!"

అక్క ఎడమకి తిరిగి కాలిస్తే వాడు నిజంగానే అక్కడ ఉంటాడు. బావ చెవి అంత పదును. అంత చెవి ఉండీ ఆ దబదబలేమిటో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి హెడ్‌సెట్‌లో వెనక ఎవరో నడిచినట్టు వినపడితే, ఆట వదిలేసి లేచి వెళ్ళి వీధి తలుపు తీసి చూసొచ్చాడు. "వచ్చింది ఆటలోనండీ బాబూ!" అని అక్క నెత్తి కొట్టుకుంది. ఆయన తిరిగొచ్చి కూర్చునేసరికి ఆయన సైనికుడు నేల మీద పడున్నాడు. "తలుపు తీయించావురా బామ్మర్దీ!" అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు ఆఫీసులో మా మేడం పిలిచింది. "ఆడినవాళ్ళంతా తుపాకులు బాగున్నాయంటున్నారు. అడుగుల మాట ఒక్కరూ ఎత్తట్లేదు. రెడీమేడ్ అడుగులు తెచ్చి పెట్టేసి, నిన్ను మెనూ బటన్ల దగ్గర వేద్దామనుకుంటున్నాను. శనివారం నేనే కూర్చుని ఆడి తేల్చేస్తాను," అంది.

మెనూ బటన్లంటే, నొక్కినప్పుడల్లా వచ్చే 'టిక్'. మళ్ళీ 'టిక్'. ఆర్నెల్లు కంకర తొక్కినవాణ్ణి, జీవితమంతా 'టిక్' అనిపిస్తూ ఎలా బతకను?

బావ దగ్గరికి పరిగెత్తాను. "బావా, శనివారం ఒక్కరోజు మెల్లగా నడువు. మేడం ముందు ఆట ఆటలా ఉండాలి. నీకు దణ్ణం పెడతాను."

"చూద్దాంలే," అన్నాడు బావ, ఎవరి కాలికో కొలత తీస్తూ.

శనివారం ఆఫీసులో అక్కా బావలతో సహా అందరం తలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మేడం హెడ్‌సెట్ పెట్టుకుని అవతలి జట్టులో చేరింది. ఆట మొదలైంది. ఒక నిమిషం గడిచింది, రెండు, నాలుగు. ఎక్కడా చప్పుడు లేదు. అందరూ బుద్ధిమంతులే, అందరూ ఒంగే నడుస్తున్నారు. మేడం కాగితం మీద ఏదో రాసుకుంటోంది. నాకప్పుడు వెలిగింది. ఆర్నెల్ల నా కష్టంలో ఒక్క అడుగు కూడా ఆవిడ చెవిన పడలేదు. ఇలా ఆడితే పడదు కూడా.

దబ్. దబ్. దబ్.

"ఏమండీ!" అని అరిచింది అక్క.

బావ కంకర దారిన నడిచాడు. చెక్క మెట్లెక్కాడు. రేకుల వంతెన మీద అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. కాల్చారు. మళ్ళీ బతికొచ్చి మళ్ళీ నడిచాడు. అలా పదకొండుసార్లు చచ్చాడు మహానుభావుడు.

మేడం రాయడం ఆపేసింది. కళ్ళు మూసుకుని తల ఓ పక్కకి వంచింది. "రేకు మీదున్నాడు... ఇప్పుడు మెట్లు. మెట్ల మీద ఇసుకుందా?"

"ఉంది మేడం," అన్నాను. ఆ ఇసుక కోసం మూడు రోజులు నడిచాను.

పన్నెండోసారి బావ ఆవిడ వెనక నుంచి వచ్చాడు. మేడం కుర్చీతో సహా గిర్రున తిరిగి వెనక గోడ వైపు చూసింది. అక్కడ క్యాలెండర్ తప్ప ఎవరూ లేరు. మళ్ళీ తెర వైపు తిరిగి బావని కాల్చేసి, హెడ్‌సెట్ తీసి, "కాళ్ళు ఎక్కడికీ పోవు. నువ్వూ పోవు," అంది నాతో.

ఇంటికెళ్తూ బస్సులో అడిగాను. "నిజం చెప్పు బావా. సరుకు పరువు కోసమేనా ఆ నడక?"

బావ నా వైపు తిరిగాడు. "మొదటి ఆదివారం గుర్తుందా? నీ చప్పుళ్ళు ఎవరైనా వింటారేమోనని నా పక్కనే కూర్చుని మా మొహాలు చూస్తున్నావు. అందరూ దొంగల్లా ఒంగి నడిచారు. ఒక్క అడుగూ వినపడలేదు. నీ మొహం చూడలేకపోయానురా. ఎవడో ఒకడు నడవాలిగా మరి!"

ముందు సీట్లోంచి అక్క వెనక్కి తిరిగి, "ఈ ముక్క నాకు చెబితే ఇన్నాళ్ళూ తిట్లు తప్పేవి కదండీ," అంది.

మర్నాడు ఆటలో బావ మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"ఇంక నడవక్కర్లేదు బావా, నా ఉద్యోగం నిలబడింది," అన్నాను.

"మేడం విన్నది కంకర, చెక్క, రేకు. బురద ఎవరూ వినలేదింకా. దానికి వారం రోజులు పట్టలేదూ నీకు?" అని బురదలోకి దిగాడు.

అక్క ఈసారి అరవలేదు. డ్రమ్ము చాటు నుంచి లేచి, ఆయన పక్కనే చప్పుడు చేసుకుంటూ నడిచింది. పది అడుగులైనా వెయ్యకముందే ఇద్దర్నీ ఒకేసారి కాల్చేశారు.

"విన్నావుటే?" అన్నాడు బావ.

"విన్నాను. బాగుందండీ," అంది అక్క.