చెవిలో బస్సు

మా తమ్ముడికి నలభై ఏళ్లు దాటాయి. లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాడు, ఒక్క అంచూ తప్పదు. అయినా బుద్ధి ఎదగలేదని వీధంతా వాణ్ణి చిన్నోడనే పిలుస్తుంది.

వాడు తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టేసరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ మహానుభావుడు వాడి వంక కన్నెత్తి చూడలేదు. ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు.

"చెవిలో బస్సు పోతోంది," అన్నాడు చిన్నోడు.

డాక్టరు పగలబడి నవ్వాడు. "ఏ నంబరు బస్సురా?"

ఆపైన "వీళ్లింతేనమ్మా" అని నాకు జ్ఞానబోధ చేసి నిద్రమాత్రలు రాశాడు. జేబులో టార్చిలైటు అలంకారానికి కాబోలు.

ఆ మాత్రల మత్తులో వాడు మడతలు మరిచాడు గానీ నొప్పిని మరవలేదు. వారం తిరక్కుండా దిండు మీద చీము మరక చూసి, వాణ్ణి మళ్లీ అక్కడికే లాక్కెళ్లాను. అప్పటికి వెలిగింది దొరగారి టార్చి. లోపల కర్ణభేరికి చిల్లు పడింది.

"చెవి నొప్పని మొన్నే చెప్పొచ్చుగా?" ఈసారి వాణ్ణే అడిగాడు.

"చెప్పా," అన్నాడు చిన్నోడు. "నువ్వు నంబరడిగావు."