ఇంగ్లీషు దొరసానికి పెట్టిన పేరు

మైసయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా మహబూబ్‌నగర్ చుట్టుపక్కల టూరింగు టాకీసులో ఇంగ్లీషు బొమ్మ ఆడితే, మైకు ముందు కూర్చుని జనానికి తెలుగులో కథ చెప్పేది ఆయనే. తెరమీద పెదవులు కదిలితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. మనుషులకు మాత్రం డేరా వేసిన ఊళ్ళో చెవిన పడ్డ పేర్లే పెడతాడు. అట్లయితే అందరికీ గుర్తుంటాయని ఆయన నమ్మకం.

యాభై రెండులో జడ్చర్ల దగ్గర ఒక ఊళ్ళో డేరా పడింది. ఆట మొదలయ్యే ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక తల్లి, “అండాలూ, గీడ కూసో” అని కేకేసింది. అంతే! యుద్ధానికి పోయే సిపాయిని సాగనంపడానికి స్టేషనుకు వచ్చిన దొరసాని ఆ పూట అండాలైపోయింది.

“అండాలు ఏడుస్తాంది. అండాలుకు గాయన మీదనే పానం.”

డేరా అంతా ఒకటే నవ్వు. అసలు అండాలు కొంగులో మొహం దాచుకుని సగం బొమ్మ చూడనేలేదు. తెల్లారి ఆమె నాయిన పెద్దులు కర్ర పట్టుకుని కొట్లాటకు పోయాడు. పోయినవాడు ఇంటిపేరు అడిగి, మెత్తబడి తిరిగొచ్చాడు.

“మనోళ్ళేనట,” అన్నాడు భార్యతో. ఆ ఎండాకాలమే అండాలుకు మైసయ్యతో పెళ్ళయింది.

మైసయ్యది మగడు పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవని ఇల్లు. ఏమే, ఇగో, ఇంటున్నవా, ఇవే పిలుపులు. ఇక పెళ్ళాం మగడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని, అండాలు కాపురానికి వచ్చిననాడే అత్త హనుమమ్మ చెప్పింది. మైసయ్య మంచివాడే. తాగడు, కసురుకోడు. కానీ అంతమంది ముందు మైకులో తన పేరు అంత ముద్దుగా పలికిన మనిషి, ఇంట్లో ఒక్కసారైనా పలకకపోవడం అండాలుకు బాధగానే ఉండేది. ఆ బొమ్మ కూడా మళ్ళీ ఎక్కడా ఆడలేదు.

అరవై నాలుగులో హైదరాబాదు నుంచి ఆ పాత బొమ్మ పెట్టె మళ్ళీ రైల్లో వచ్చింది. ఆ పూట డేరా సొంత ఊళ్ళోనే.

“గా టేషను బొమ్మనా?” అడిగింది అండాలు.

“గదే. అంత గీతలు వడ్డయి,” అన్నాడు మైసయ్య.

అండాలు పొద్దుగూకకముందే వంట ముగించి, మంచి చీర కట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని డేరాకు పోయింది. ఈసారి తల దించుకోలేదు. దొరసాని టోపీ మీది ఈక, సిపాయి చొక్కాకు ఊడిన గుండీ, అన్నీ కొత్తగా చూసింది. అప్పుడు దొరసాని తన ఈడుది. ఇప్పుడు చిన్నచెల్లెలిలా ఉంది. ఆ పిల్లను ఏ పేరుతో పిలుస్తాడా అని చెవులు రిక్కించింది.

“కౌసల్య టేషనుకు వచ్చింది,” అన్నాడు మైసయ్య.

తల్లి ముందు వరుసలో ఉందని ఆయన జంకు. అది తెలిసినా అండాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెరమీద రైలు కూత పెట్టింది.

“కౌసల్య ఏడుస్తాంది...”

అండాలు లేచి నిలబడింది. “ఓ మైసయ్యా! గామె కౌసల్య కాదు. గామె పేరు నీకెరికే. చెప్పు!”

హనుమమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మగవాళ్ళ వైపు ఈలలు లేచాయి. కాసేపు తెరమీది దొరలు వాళ్ళ భాషలో వాళ్ళే మాట్లాడుకున్నారు.

“అండాలు,” అన్నాడు మైసయ్య.

రైలు కదిలింది. సిపాయి వెళ్ళిపోయాడు. అదేమీ జనానికి చెప్పాలని ఆయనకు గుర్తురాలేదు. తెరకేసి చూడడం మానేసి ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

“అండాలూ,” అని పిలిచాడు.

“ఆఁ,” అని పలికింది అండాలు.