పసుపు నీళ్లలో ఉడికిన పైపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, కొండల్లో పసుపు వండే రోజుల్లో, నన్ను అరకులోయలోని చెక్కపని శిక్షణ కేంద్రానికి సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా బదిలీ చేశారు. అదే నా చివరి పోస్టింగు. మా ఇంట డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సిగరెట్టు కూడా ముట్టనివాణ్ణి. అటువంటి నాకు అక్కడ అప్పగించిన మొదటి పని పొగ తాగే పైపు తయారుచేయించడం.

విశాఖపట్నంలో పైపు తాగడం అభిరుచిగా పెట్టుకున్న బృందం ఒకటి ఉండేది. దాని పెద్ద రావుగారు ఓడల ఇంజనీరుగా రిటైరైన మనిషి. పీకేసిన ముసలి కాఫీ మొక్కల మొదళ్లు చాలా గట్టివని విని, వాటితో పైపులు చేయగలరా అని అడిగారు. నమూనా నిలిస్తే బృందానికంతటికీ ఆర్డరు. అంత నాజూకు పని చేయగలవాడు మా దగ్గర శిక్షణ పొందినవాళ్లలో బుద్రు ఒక్కడే. అతను పని లేక విశాఖలో కట్టడాల కూలికి బయలుదేరబోతున్నాడు. ఆర్డరు వస్తేనే ఆగుతానన్నాడు.

పైపులో ముందు పొగ దారి తొలచాలి, ఆ తర్వాతే పొగాకు కూరే గుంట. రెండూ సరిగ్గా గుంట అడుగున కలవాలి. కాస్త పైన కలిసినా అడుగు పొగాకు తడిసి ముద్దవుతుంది. బుద్రు తొలిచిన మొదటి పైపులో అవి అచ్చంగా కలిశాయి. కాని నిప్పు ముట్టకముందే చెక్క నెర్రె విచ్చింది. పచ్చి చెక్కలోని రసం పోవాలంటే ముక్కల్ని పూటంతా ఉడికించి, నీడన ఆరబెట్టాలని రావుగారు ఫోనులో చెప్పారు.

కేంద్రంలో అంత పెద్ద గిన్నె లేదు. బుద్రు ముక్కల్ని ఇంటికి మోసుకుపోయాడు. అక్కడ వాళ్లమ్మ సుక్రమ్మ పసుపు వండుతున్న కళాయి ఉంది. కొమ్ములు తీయగానే నీళ్లు మార్చకుండా చెక్క అందులో వేసేశాడు. ఆరిన తర్వాత లేత్ మీద పెట్టి కొత్త పైపు తొలిస్తే లోపల కూడా పసుపే. నల్లరంగు వేసేద్దామని బుద్రు బతిమాలాడు. వేడికి రంగు లేస్తుందని నేను ఒప్పుకోలేదు.

సంతరోజు పొద్దున్న రావుగారు రైలు దిగి వచ్చారు. పైపు ఎలా ఉంటుందో చూడాలని సుక్రమ్మ కూడా వచ్చింది. ఆమెది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. రావుగారు పొగాకు అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా కూరారు. ముట్టించి, ఉబ్బిన పొగాకును అణిచి, మళ్లీ ముట్టించారు. ఇక ఆపకుండా పీల్చడం మొదలుపెట్టారు. పైపు నెమ్మదిగా తాగాలని ఆయనే నాకు చెప్పి ఉన్నారు. బుద్రు ముఖం వాడిపోయింది.

సుక్రమ్మ ఊరుకోలేదు. "అదేటి బాబూ, కొలిమి ఊదినట్టు పీల్సేత్తన్నావు? బేగి రైలెక్కాలా ఏటి?"

"పగిలేదైతే ఇక్కడే పగలాలమ్మా," అన్నారు రావుగారు, పైపును చెంపకు ఆనించి వేడి చూస్తూ. వెంటనే పైపును చెంపనుంచి తీసేశారు. మళ్లీ పీల్చారు.

పొగాకు బూడిదయ్యాక పైపు చల్లారనిచ్చి, దులిపి, టార్చిలైటు వేసి లోపల చూశారు. నాకూ చూపించారు. గుంట గోడంతా సమానంగా నల్లబడింది. ఎక్కడా బీట లేదు. బుద్రు టార్చి లాక్కున్నంత పని చేసి తానూ చూశాడు. చెక్కను పసుపు నీళ్లలో ఉడికించిన సంగతి తనంతట తానే చెప్పేశాడు.

"రంగుకేముంది, పొగకి అదే గోధుమరంగు తిరుగుతుంది. గుంట నిలిచింది, నాకు కావలసింది అదే," అన్నారు రావుగారు. అయితే పొగలో పసుపు వాసన వస్తోందనీ, ఆర్డరు పైపుల చెక్కను మంచినీళ్లలోనే ఉడికించాలనీ షరతు పెట్టారు.

"పసుపేసిన కూర తినవా ఏటి?" అంది సుక్రమ్మ. ఆయన నవ్వుతూనే షరతు వదల్లేదు. ఆర్డరు ఆ పూటే రాసిచ్చారు. బుద్రు విశాఖ వెళ్లలేదు.

తర్వాత నేను నేర్పిన ప్రతి జట్టుకూ ఒక నియమం పెట్టాను. నమూనాను వాడుకకు మించి బాధపెట్టి చూడాలి. అదీ చేసినవాడి ఎదుటే జరగాలి. జాగ్రత్తగా వాడి చూసిన వస్తువు ఎంతవరకు ఓర్చుకుంటుందో ఎవరికీ తెలియదు.