పేర్లు లేవు, ఇళ్లున్నాయి

ఆమెను మా వీధిలో అందరూ చుక్కలక్క అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆమే పక్కకి చూస్తుంది. ఆరోగ్య కేంద్రంలో చేరి చాలాకాలం ఇల్లిల్లూ తిరిగింది. మోకాళ్లు మొరాయించాక కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆకాశంలోంచి తీసిన ఫొటో మీద ఆన్‌లైన్‌లో మ్యాపు తయారుచేసే పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. తప్పు నొక్కడం, తిట్టుకోవడం, మళ్లీ నొక్కడం, ఇంతే ఆమె చదువు. క్షయకు మందులు వాడుతున్నవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఆ ఇంటి మీద ఒక ఎర్రచుక్క పెట్టేది. చుక్కలు గుంపుగా ఎక్కడ కనిపిస్తే అక్కడ పరీక్షల శిబిరం పెట్టాలని ఆలోచన.

"ఆకాశంలో ఉన్నవి చాలక నువ్వు కింద కూడా పెడుతున్నావా?" అన్నాడట భర్త. పేరు అలా వచ్చింది.

ఆమె ఉండేది నాలుగంతస్తుల ఇంట్లో మూడో వాటా. కింద ఇంటావిడ. రెండో అంతస్తులో పిన్ని అని అందరూ పిలిచే పెద్దావిడ. అన్నిటికన్నా పైన, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఒక దర్జీ పిల్ల. ఒంటరిది. కిందటి చలికాలం దగ్గు పట్టుకుని వదల్లేదు, మనిషి సగమైంది. చుక్కలక్కే తీసుకెళ్లి పరీక్ష చేయించింది. క్షయ అని తేలింది. ఆ పిల్ల ఏడవలేదు. మెట్ల మీద ఆగి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇది నీ నోరు దాటకూడదు. తెలిస్తే పిల్లల బట్టలు నా చేతికి ఎవరిస్తారు?"

"దాటదు" అంది చుక్కలక్క.

దాటలేదు కూడా. మూడో వాటాలో అత్తగారితో కలిసి ఉంటూ ఒక రహస్యం దాచడమంటే కొంగున నిప్పు కట్టుకుని తిరగడమే. అయినా దాచింది. మందులు పనిచేశాయి. ఇక ఆ పిల్ల వల్ల ఎవరికీ అంటదని డాక్టరు చెప్పేదాకా వచ్చింది. మిషను చప్పుడు మళ్లీ పైనుంచి వినిపించసాగింది.

ఆ సమయంలో ఒక మధ్యాహ్నం, కేంద్రంలో పనిలో ఉండగా పిన్ని ఫోను చేసింది.

"ఏమే చుక్కలూ, మన ఇంటి మీద చుక్క పెట్టావేమిటే?"

"ఏ చుక్క పిన్నీ?"

"ఎర్రది. క్షయ ఉన్న ఇళ్లట, కాలనీ గ్రూపులో ఎవరో పంపారు. వేలితో లాగితే పెద్దదవుతోంది. మన నీలం ట్యాంకు, పక్కనే మీ అత్తగారి పచ్చ దుప్పటి ఆరేసి ఉంది. ఆ దుప్పటి చిరిగిపోయి ఎన్నాళ్లయింది! ఇంకా ఆరుతూనే ఉందేమిటే?"

చుక్కలక్కకు నవ్వు రాలేదు. ముందురోజు డాక్టరుగారి ఫోనులో మ్యాపు తెరుచుకోలేదు. ఆయన విసుక్కుంటే, లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చన్న గడిలో టిక్కు పెట్టింది తనే. ఆయన ఒక్కరి కోసమే అనుకుంది.

లేచి ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ లింకు ఎవరికైనా పంపారా?"

"వార్డు సభ్యుల గ్రూపులో పెట్టాను. అందరూ మెచ్చుకుంటున్నారు. నీ పేరు కూడా చెప్పానమ్మా."

"వాళ్లు ఇంకా ఎవరెవరికో పంపారు సార్."

"పంపితే ఏం? పేర్లు తీసేశాం కదా."

"పేర్లు లేవు సార్. ఇళ్లున్నాయి."

ఆయన ఫోను తెరిచి వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఒక మేడ, దాని మీద తాళ్లు, తాళ్ల పక్కన చుక్క. ఇంకో మేడ, ఇంకో చుక్క.

"తీసెయ్. ముందు తీసెయ్."

ఆమె కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. నెట్టు నత్తలా నడుస్తోంది. తెర మధ్యలో చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది. ఆ తిరిగినంతసేపూ ఎన్ని వేళ్లు ఎన్ని మేడలను పెద్దవి చేసి చూస్తున్నాయో. చివరికి పేజీ తెరుచుకుంది. టిక్కు తీసేసింది. వెంటనే పిన్నికి ఫోను చేసింది.

"ఇప్పుడు చూడు పిన్నీ."

"అయ్యో, పోయింది. ఫరవాలేదులే, నేను ఫొటో తీసి ఉంచాను. అందరం మెట్ల దగ్గరే ఉన్నాం. నువ్వు రా."

బస్సులో సీటున్నా ఆమె కూర్చోలేకపోయింది. ఏం చెప్పాలి? కంప్యూటరు తప్పంటే రేపటినుంచి ఆ కేంద్రం మాట ఎవరూ నమ్మరు. తెలియదంటే వాళ్లే తేల్చుకుంటారు. దగ్గేది ఎవరో ఆ ఇంట్లో చెవులున్న అందరికీ తెలుసు.

మెట్ల మలుపులో ఇంటావిడ, పిన్ని, అత్తగారు ముగ్గురూ ఒక ఫోను మీద వంగి ఉన్నారు. పైనుంచి మిషను చప్పుడు వస్తోంది.

"నేను చెప్పడం కాదు గానీ" ఇంటావిడ గొంతు తగ్గించింది, "పైవాటా పిల్లే అయ్యుంటుంది. ముఖానికి గుడ్డ కట్టుకుని తిరిగింది చూడలేదా? మా మనవడి చొక్కాలు దాని దగ్గరే ఉన్నాయి. ఇప్పుడే పైకెళ్లి తెచ్చేసుకుంటా."

మిషను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం చుక్కలక్క వీపు మీద పడింది. ఇంటావిడ పై మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అడ్డంగా నిలబడింది.

"ఆగండి అమ్మగారూ. ఆ ఫొటో ఎక్కడినుంచి తీసింది?"

"పైనుంచేగా, ఆకాశంలోంచి."

"ఆకాశంలోంచి చూస్తే మేడ కనపడుతుంది. మేడ కింద నాలుగు వాటాలున్నాయి. చుక్క ఏ వాటాదో ఫొటో చెప్పిందా? మీ వాటాదీ కావచ్చు."

"నా వాటాదా! నా ఇంట్లో ఎవరికీ జలుబు కూడా లేదు!"

"మా ఇంట్లోనూ లేదు" అంది పిన్ని. "మా ఆయనకి వచ్చేది సిగరెట్టు దగ్గు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు."

"కింద కాదు, రెండో వాటా కాదు. ఇంకా మిగిలింది..." అంటూ ఇంటావిడ మళ్లీ పైకి చూసింది.

"మిగిలింది రెండు వాటాలు" అంది చుక్కలక్క. "రోజూ రోగుల మధ్య కూర్చునేది నేను. చుక్కలు పెట్టేదీ నేనే. ఎవరింటికో వెళ్లి అడగడమెందుకు? అది నాదే అనుకోండి."

ముగ్గురూ ఒక్కసారి వెనక్కి జరిగారు. అందరికన్నా ముందు జరిగింది అత్తగారు.

"నీకా! నాతో ఒక్కమాట చెప్పలేదే!"

"మీతో చెప్తే ఇక మ్యాపెందుకత్తయ్యా?"

ఎవరూ నవ్వలేదు. ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయింది. కాసేపటికి పైన మిషను మళ్లీ మొదలైంది, తడబడుతూ.

మరునాడే చుక్కలక్క మ్యాపు మార్చింది. చుక్కలన్నీ తీసేసి, పేటకో రంగు వేసింది. రోగులు ఎక్కువున్న పేట ముదురుగా, తక్కువున్నది లేతగా కనిపిస్తుంది. కానీ ఇంటి మెట్ల మీద రంగు మారలేదు. ఎదురైనవాళ్లు గోడకు ఒత్తుకుని తప్పుకునేవాళ్లు. పిన్ని పలకరింపు తలుపు సందులోంచే. అత్తగారు ఆమె గ్లాసు విడిగా పెట్టింది, దాని మూతికి ఒక ఎర్రదారం కట్టి మరీ. భర్తకు మాత్రం నిజం చెప్పింది, పేరు చెప్పకుండా. అతను ఆ గ్లాసు తీసుకుని తను నీళ్లు తాగి, దారం తెంపి జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లూ రోగులకు "భయమేం లేదు, ధైర్యంగా ఉండండి" అని తేలిగ్గా చెప్పేదాన్నని ఆమె తర్వాత దర్జీ పిల్లతో అందట.

ఈ కథ నాకు చెప్పిందీ, రాయమన్నదీ ఆ పిల్లే. మందులు పూర్తయ్యాయి. మా పిల్లాడి చొక్కా కొలతలు తీసుకుంటూ చెప్పింది. ఇంటావిడకు కూడా తనే వెళ్లి చెప్పుకుందట. మనవడి చొక్కాలు అప్పటికే చిన్నవై, రెండో జత కుడుతోంది.

అంతకన్నా ముందే ఒక సాయంత్రం పిన్ని మూడో వాటా తలుపు కొట్టింది. లోపలికి వచ్చింది. ఆ మెట్ల దగ్గరి మాటల తర్వాత ఆ గడప దాటడం అదే మొదలు.

"మా ఆయనకి..." అని ఆగింది. "సిగరెట్లు మానేసినా దగ్గు తగ్గలేదే. రాత్రి రక్తం జీర కనిపించింది."

"రేపు తీసుకురా పిన్నీ. పరీక్ష చేయిద్దాం."

"తెస్తాగానీ..." పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. "మ్యాపులో పెడతావా?"

చుక్కలక్క ఫోనులో మ్యాపు తెరిచి ఆమె చేతికిచ్చింది. పిన్ని వేలితో లాగింది. పేట పెద్దదైంది. ఇంకా లాగింది. ఇంకా. నీలం ట్యాంకు లేదు, తాళ్లు లేవు, పచ్చ దుప్పటి లేదు. తెర నిండా ఒకే ముదురు నారింజ రంగు.

"ఇంతేనా?"

"ఎంత లాగినా ఇంతే."

పిన్ని ఫోను తిరిగి ఇచ్చింది. బల్ల మీదున్న చుక్కలక్క గ్లాసు అందుకుని నీళ్లు మొత్తం తాగేసింది.

"పొద్దున్నే వస్తాం. నువ్వు అక్కడే ఉంటావుగా?"